అడుగు స్వరం

ఇంటికి పేరు పునాదిని బట్టి పెట్టాలా, అందులో కాపురమున్నవాళ్ళను బట్టి పెట్టాలా? వేదాంతం చదివినవాళ్ళ సంగతి అలా ఉంచి, గిటారు పట్టుకున్నవాడికి ఈ ప్రశ్న మొదటి ఏడాదిలోనే ఎదురవుతుంది. కాగితం మీద ఎ మైనర్ అని రాస్తారు. పక్కన ఒక ఏటవాలు గీత గీస్తారు. గీతకు అవతల జి అని రాస్తారు. పైన ఎ మైనర్ మోగాలి, అడుగున మాత్రం జి ఉండాలి అని దాని తాత్పర్యం. ఉద్యోగ విరమణ తరువాత ఈ వాద్యం మొదలుపెట్టిన నాకు వేళ్ళ కష్టం ఒక ఎత్తు, ఆ గీత పెట్టిన చిక్కు ఒక ఎత్తు.

గిటారు తెలియని మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒక్కసారిగా మోగడం. ఎ మైనర్‌లో ఉండేవి ఎ, సి, ఇ. ఎ ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో స, సాధారణ గాంధారం, ప. చూపుడు వేలు రెండో తీగ మీద మొదటి మెట్టున, మధ్య వేలు నాలుగో తీగ మీద, ఉంగరపు వేలు మూడో తీగ మీద రెండో మెట్టున ఉంటాయి. అడుగున ఐదో తీగ, వేలు పడకుండానే, ఎ పలుకుతుంది. అది ఆ కార్డ్‌కు సొంత నేల. ఇప్పుడు జి కావాలంటే చిటికెన వేలు ఆరో తీగ మీద మూడో మెట్టుకు చాచాలి. అంతటితో అయిపోదు. ఆ వేలి కొస పక్కకు ఒరిగి ఐదో తీగను తాకి, దాని నోరు మూయించాలి. లేకపోతే జి, ఎ రెండూ కిందనే పక్కపక్కన గొణుగుతాయి, ఏదీ తేలదు.

అంటే కొత్త నేల పలకాలంటే సొంత నేల మౌనం వహించాలి. ఇది నాకు మొదట్లో మింగుడు పడలేదు. అయితే ఎ పూర్తిగా పోదు. మూడో తీగ మీద, ఒక స్థాయి పైన, ఉంగరపు వేలి కింద మోగుతూనే ఉంటుంది. నేలగా ఉన్నది పైఅంతస్తులో కాపురం పెట్టిందన్నమాట.

అసలు కష్టం చిటికెన వేలిది కాదు. అది సాగినప్పుడు మిగతా మూడు వేళ్ళూ తమకు తెలియకుండానే లేస్తాయి. ఉంగరపు వేలు ముందు లేస్తుంది, దాంతో మూడో తీగ బొంగురుపోతుంది. నాకు నేర్పే ఒడియా కుర్రవాడు చిటికెన వేలి వంక చూడనే చూడడు. "కొత్త వేలు దానంతటదే వెళ్తుంది సార్, పాతవి నొక్కి ఉంచండి" అంటాడు.

ఇక పేరు సంగతి. ఎ, సి, ఇ, జి అనే ఈ నాలుగు స్వరాలనే సి సిక్స్త్ అని కూడా పిలవవచ్చు. అడుగున జి బదులు ఎఫ్ పెడితే మరీ విచిత్రం. పై వేళ్ళు వెంట్రుకవాసి కదలవు, అయినా అది ఎఫ్ మేజర్ సెవెన్త్ అయిపోతుంది. విషాదానికి పెట్టింది పేరైన మైనర్, కింద ఒక్క స్వరం మారగానే మేజర్ కుటుంబంలో చేరిపోతుంది. మనకిది కొత్త కాదు. మోహనం స్వరాలనే ఉంచి రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి, గాంధారాన్ని చేస్తే హిందోళం. గ్రహభేదం అంటే అదే. స్వరాలు అవే, ఆధారం మారితే రాగం మారుతుంది.

అలాగైతే పునాదిదే పెత్తనమా? ఫ్రెంచి సంగీతజ్ఞుడు రామో 1722లో అచ్చువేసిన గ్రంథంలో దీనికి అడ్డుపడ్డాడు. అడుగున వినపడే స్వరం వేరు, కార్డ్‌కు మూలమైన స్వరం వేరు, కార్డ్‌లోని ఏ స్వరం కిందికి వచ్చినా మూలం మారదు అన్నాడు. మాట గట్టిదే. కానీ ఎఫ్ అడుగున చేరితే మూలమే ఏదో తేల్చుకోవలసి వస్తుంది.

నాకు తోచిన జవాబు వేరు. ఎ, జి, ఎఫ్ షార్ప్, ఎఫ్ అని అడుగు స్వరం ఒక్కొక్క మెట్టే దిగుతుందనుకోండి. సెకనుకు 110 కంపనాల నుంచి 98కి, 92.5కి, 87.3కి. జార్జ్ హారిసన్ 1968లో బీటిల్స్‌తో పాడిన 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్'లో ఈ దిగుడు ఉంది. మొదట ఎ మైనర్ విన్న చెవి, కింద ఏది మారినా దాన్ని మరిచిపోదు. చివరి మెట్టు దగ్గర కూడా పాత ఇల్లే తలుచుకుంటుంది. అదే నాలుగో మెట్టు దగ్గర తలుపు తీసుకుని లోపలికి వచ్చినవాడికి? అతనికి అది ఎఫ్ మేజర్ సెవెన్తే. అతని చెవిలో దోషమేమీ లేదు.

మా బరంపురం వాళ్ళకు ఇది ఒట్టి సంగీతం కాదు. 1936 ఏప్రిల్ 1న మేము ఎక్కడికీ కదలలేదు. వేళ్ళు అక్కడే ఉన్నాయి, మద్రాసు రాజధాని పోయి అడుగున ఒరిస్సా వచ్చింది. మా నాన్నగారి తరం మొదటి మెట్టు విన్నది. నేను నాన్నగారి నోట విన్నాను. మా మనవరాలు నాలుగో మెట్టు దగ్గర పుట్టింది.

బడి ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంది. తెలుగు అని రాయమన్నాను. మా కోడలు ఒడియా పిల్ల. మా ఇంటి తెలుగు నాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. "మావయ్యగారూ, దానికి జోల పాడింది నేను కదండీ" అంది. జనాభా లెక్కలవారి నిర్వచనం కూడా ఆమె పక్షమే. బిడ్డతో పసితనంలో తల్లి మాట్లాడిన భాష మాతృభాష అంటుంది అది. ఆ లెక్కల్లో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు రెండు గడులు ఉంటాయి. ఏటవాలు గీత లాంటిదే. బడి ఫారంలో ఆ గీతకు చోటు లేదు.

1936లో వచ్చిన అడుగు స్వరాన్ని ప్రభుత్వం తెచ్చింది. ఈ అడుగు స్వరాన్ని మా అబ్బాయి ఇష్టపడి తెచ్చుకున్నాడు. రెండింటినీ ఒకే గాటకట్టడం అన్యాయం. తల్లి భాషను పరాయి స్వరం అని ఆ పిల్లకు ఎలా చెప్పగలను? అట్లాగని ఉంగరపు వేలు లేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా చేత కాదు. తిరువయ్యారులో కావేరి ఒడ్డున, చుట్టూ తమిళం పలికే నేల మీద, త్యాగయ్య తెలుగు పలికించలేదా? ఆయన ఐదో తీగ కోసం పేచీ పెట్టినట్టు కనపడదు.

ఫారంలో ఒడియా అనే రాశారు. నేనేమీ అనలేదు. సాయంత్రాలు మాత్రం పిల్లకు అక్షరాలు దిద్దిస్తున్నాను. 'క్ష' దగ్గరికి వచ్చాం. నిన్న కోడలు కూడా వచ్చి చాప మీద కూర్చుని, "ఇది మాకూ ఉందండీ" అని పలక అందుకుని పక్కనే తన క్ష రాసింది.