పడవ అడుగున నీరు



కాకినాడ తీరమున ఒక తెల్లవారుజామున చిన్న ఇంజను పడవ ప్రక్కన నిలిచియుండు సమయము మాకు కలిగినది. యజమాని వృద్ధుడు. వేటకు బయలుదేరుటకు ముందు ఆయన అడుగు పలక నెత్తి, చేతిపంపు మీటను ఆడించుచు, ఒక్కొక్క పోటును లెక్కపెట్టుచుండెను. కుమారుడు విసుగుకొనెను.

“ఎందుకు నాన్నా ఈ శ్రమ? మోటారు పంపు దానంతటదే తోడేస్తుంది గదా.”

“తోడుతుందిరా. ఎంత తోడిందో నాకు చెప్పదు గదా. నేను లెక్కపెట్టాలనే రాత్రి దాని స్విచ్చి కట్టేశాను. నిన్న 20 పోట్లకు అడుగు ఆరింది. ఇవాళ 36 అయింది.”

ఆ దినము వేట మానుదమని తండ్రి చెప్పెను. డీజిలు అప్పు తీర్చవలసిన వాయిదా దగ్గరపడినదని కుమారుడు వాదించెను. ఇద్దరి మాటలోను న్యాయము గలదు. కాని తండ్రి మాటయే నిలిచెను. చూడగా, ఇంజను ఇరుసు పడవ వెలుపలికి పోవుచోట నీరు రాకుండ చుట్టి బిగించిన నార అరిగిపోయియుండెను. ఆ తండ్రి లెక్క మమ్మును ఇంటివరకు వెంబడించినది.

గలిలయ సముద్రములో తుపాను రేగి దోనె నిండుచుండగా శిష్యులు భయపడిన సంగతి మార్కు సువార్త 4వ అధ్యాయములో గలదు. ఆ నీరు అలల నీరు. అందరి కంటికిని కనబడినది. పలక క్రింద చేరు నీరు అట్టిది కాదు. వాన, అలల తుంపర, చేపలపై వేసిన మంచు కరగిన నీరు, పలకల సందుల చెమ్మ, ఇరుసు దగ్గర కారు చుక్కలు, ఇవన్నియు దిగి అడుగున చేరును. ఇరుసు చుట్టు నార యున్న పడవలో, ఇంజను నడుచునప్పుడు కొద్ది చుక్కలు కారుట లోపము కాదు. ఆ తడియే ఇరుసును వేడెక్కకుండ కాపాడును. కావున అడుగున కొంచెమైనను నీరు చేరని పడవ అరుదు.

అయితే ఆ నీరు ఒకచోట నిలువదు. పది బిందెల నీరు అడుగున చేరినదనుకొనుడు. పడవ ఎడమకు ఒరిగినప్పుడు ఆ నీరంతయు ఎడమకే పరుగెత్తి దానిని మరింత ఒరగద్రోయును. పడవ నిలబడవలసిన సమయముననే అది పడద్రోయు బరువగును.

దీనిని తోడుటకు రెండు విధములైన పంపులు గలవు. చేతిపంపులో రబ్బరు పొరయు, రెండు వాల్వులును ఉండును. మీట లాగగా పొర వెనుకకు పోయి లోపల చోటు పెరుగును. ఒక వాల్వు తెరచుకొని నీరు లోనికి వచ్చును. మీట త్రోయగా అది మూసుకొని రెండవది తెరచుకొనును. నీరు గొట్టము గుండ పడవ వెలుపల పడును. మన ఊరి బోరింగులోను వాల్వుల పని ఇట్టిదే. మోటారు పంపు 12 వోల్టుల బ్యాటరీతో నడచుచు, పడవలో మిక్కిలి పల్లమైన చోట కూర్చుండును. దాని ప్రక్కన తేలు స్విచ్చి యొకటి యుండును. నీరు పెరిగినప్పుడు అది లేచి మోటారును నడుపును. నీరు తగ్గగానే దిగి ఆపును. యజమాని నిద్రించుచున్నను పని జరుగుచుండును.

ఇది గొప్ప మేలు. అయితే ఈ మేలులోనే ఒక అపాయము దాగియున్నది. రంధ్రము రోజురోజుకు పెద్దదగుచున్నను పడవ అడుగు పొడిగానే కనబడును. బ్యాటరీ అయిపోయిన రాత్రి, లేక చెత్త అడ్డుపడిన రాత్రి, అన్నాళ్ల నిజము ఒక్కసారిగా బయటపడును. గంటకు 1,900 లీటర్లు తోడునని వ్రాసియున్న చిన్న పంపు నిమిషమునకు సుమారు 32 లీటర్లు తోడును. గొట్టము ఎత్తును వంపులును కలిసినప్పుడు ఇంకను తక్కువ. నీటిమట్టమునకు అడుగు లోతున అంగుళము వెడల్పు రంధ్రము పడినయెడల నిమిషమునకు 40 లీటర్లకు పైగా నీరు లోనికి వచ్చును. చిన్న పంపు దాని నెట్లు గెలువగలదు?

ఇప్పుడు మన ప్రశ్న. తప్పు వలన కలిగిన నష్టమును తోడిపోయుచుండినచో, తప్పును దిద్దుకొనినట్లేనా? ఒకడు తాగి భార్యను కొట్టును. తెల్లవారగానే కన్నీటితో క్షమాపణ అడుగును. ఆ కన్నీరు నిజమే కావచ్చును. వచ్చే శనివారము మరల అట్లే చేయును. ఇంకొకడు వడ్డీ కట్టుటకు క్రొత్త అప్పు తెచ్చి, అప్పు తీరినదని నెమ్మదిగా నిద్రించును. వీరి పంపులు బాగుగనే పనిచేయుచున్నవి. అందువలననే రంధ్రము ఎవరికిని కనబడకున్నది. బ్యాటరీ అయిపోయిన రాత్రి మునుగువాడు అతడొక్కడే కాదు. ఆ పడవలో భార్యయు బిడ్డలును ఉన్నారు.

అయితే పంపును పారవేయుదమా? కూడదు. నడిసముద్రములో పలకలు ఊడదీసి బాగుచేయలేము. అక్కడ తోడుటయే ప్రాణము. అనుదినము క్షమాపణ అడుగువానిని వేషధారి యని ఎగతాళి చేయువారు ఈ సంగతి మరచుచున్నారు. మరియు కొన్ని బలహీనతలు ఇరుసు దగ్గరి చుక్కలవంటివి. అవి జీవితకాలమంతయు కారుచునే యుండును. వాటిని చూచి నిరాశపడవలసిన పని లేదు, కనిపెట్టుచుండిన చాలును. కాని ఒడ్డు చేరిన తరువాత, తీరిక యుండి, దిద్దుకొను శక్తి యుండి, పంపున్నది గదా యని మరల సముద్రములోనికి పోవువాడు తన్ను తాను మోసపుచ్చుకొనుచున్నాడు.

ఏది చుక్కయో ఏది రంధ్రమో ఎట్లు తెలియును? లెక్కవలననే తెలియును. పూర్వము పెద్ద కొయ్య ఓడలలో వడ్రంగి కొలకర్రను అడుగునకు దించి, నీరెంత చేరినదో చూచి అధికారికి చెప్పుట అలవాటు. మనమును అట్లే చేయవలెను. ఈ నెల ఎన్నిసార్లు కోపపడితిమి? ఏ మాటకు ఎన్నిసార్లు క్షమాపణ అడిగితిమి? గత నెలకంటె తగ్గినదా, పెరిగినదా? పెరిగినయెడల, ఒక దినపు వేట పోయినను సరే, పడవను ఒడ్డుకు లాగవలెను. ఒకనాడు మానుకొనుట, పెద్దలయొద్ద ఒప్పుకొనుట, అప్పు లెక్క ఇంటివారియెదుట విప్పుట కష్టమైన పనులే. ఆ ఉదయము ఆ కుమారునికిని కష్టమే తోచినది.

ఆ తండ్రి మరునాడు నార మార్చి, పడవను నీటిలోనికి త్రోసి, మరల పంపు మీట పట్టుకొనెనని వింటిమి. ఆ దినము ఆయన లెక్క 12 పోట్లయొద్ద ఆగినదట.