మూట ఎవరి భుజముమీద?



కోతలు ముగిసి పొలములో పని తగ్గిన దినములలో మన పల్లెల సంఘములు కూటములకు బయలుదేరుట వాడుక. రెండు మూడు దినములు ఒకచోట దిగి, పందిరి క్రింద కూర్చుండి, కీర్తనలు పాడి, వాక్యము విని, కలిసి భుజించి, చాపలమీద పండుకొని, మరల ఇండ్లకు తిరిగివత్తురు. అచ్చట పాడిన కీర్తనలను గూర్చియు, వినిన ప్రసంగములను గూర్చియు చాల దినములు చెప్పుకొందురు. కాని అచ్చటికి చేరిన సామానును గూర్చి చెప్పుకొనువారు అరుదు. చాపలు, దుప్పట్లు, బియ్యపు మూటలు, గంగాళములు, టార్పాలిన్లు, గుంజలు, హార్మోనియము, డోలకు, ఈ కాలమందైతే మైకుపెట్టెలు, జనరేటరు — ఇవి తమంతట తాము నడిచి రాలేదు గదా! ఎవరో ఎత్తిరి, ఎవరో మోసిరి, ఎవరో దింపిరి. వారెవరు? ఆ బరువు వారిమీదికి ఎట్లు వచ్చెను? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన సహవాసము నిజమైనదో కాదో తేల్చునది ఇదే.

పాటకు బరువు లేదు. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ్ ఠాకూరుగారు మదనపల్లెలోని బిసెంటు కళాశాలలో బస చేసినప్పుడు, జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి మార్చిరి. మార్గరెట్ కజిన్స్ అమ్మగారు దాని రాగమునకు స్వరములు వ్రాసిరి. ఆ పాట బంగాళమునుండి మన ఊరికి వచ్చుటకు బండి అక్కరలేకపోయెను. కాని పాడువారికి అన్నము కావలెను, పడక కావలెను, ఎండకు వానకు కప్పు కావలెను. కుప్పము చెన్నై బెంగుళూరు రైలుదారిమీద ఉన్నది గనుక అచ్చటివారికి కొంత సులువు. పుంగనూరునకు రైలు లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను పట్టణమునకు మైళ్ల దూరమున ఉన్నది. కాబట్టి రైలు దిగిన తరువాతనైనను, బస్సు దిగిన తరువాతనైనను, కడపటి దూరము మనుష్యుని తలమీదనో భుజముమీదనో సాగవలసినదే. రెండవ తరగతి ప్రయాణికుడు ఉచితముగా కొనిపోదగిన సామాను 35 కిలోలని రైలువారు ఒక హద్దు పెట్టియున్నారు. పొరుగువాని నెత్తిమీద మనము పెట్టు బరువునకు మనము పెట్టుకొనిన హద్దు ఏది?

ఈ సంగతిలో పౌలు భక్తుని మాటలు కొందరికి చిక్కుగా తోచును. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము రెండవ వచనములో ఒకరి భారములను ఒకరు మోయుమని చెప్పెను. అయిదవ వచనములో ఎవని బరువు వాడే మోసికొనవలెనని చెప్పెను. ఈ రెండును ఎట్లు పొసగును? గ్రీకు మూలములో అక్కడ రెండు వేర్వేరు మాటలున్నవి. మొదటిది మనిషిని క్రుంగదీయు భారము. రెండవది బాటసారి తనకొరకు కట్టుకొనిన మూట. ఈ భేదము గ్రహించినయెడల చిక్కు విడిపోవును. నా పడక, నా పెట్టె, నా సౌఖ్యముకొరకు నేను చేర్చుకొనిన వస్తువులు నా మూట. అది నేనే మోయవలెను. అందరి అన్నము వండు గంగాళము, అందరిని కప్పు టార్పాలిన్, అందరి పాటకు తోడుపడు వాద్యములు అందరి భారము; అది అందరును పంచుకొనవలెను. చిక్కు ఎక్కడనగా, మనము దీనిని తలక్రిందులు చేయుచున్నాము. మన మూటను ఇతరులకు అప్పగించి, అందరి భారమును ఎవరో ఒకరికి విడిచిపెట్టుచున్నాము.

గుడారమును మోయించుటలో దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పిన క్రమమును చూడుడి. ప్రత్యక్ష గుడారపు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు మెరారీయుల వంతు. నిర్గమకాండము ముప్పది యెనిమిదవ అధ్యాయము ప్రకారము ఒక్కొక్క తలాంతు వెండితో చేసిన దిమ్మలు నూరు ఉండెను. ఒక తలాంతు సుమారు 34 కిలోలని పండితులు లెక్కింతురు. అనగా ఆ దిమ్మలే దాదాపు 3,400 కిలోలు! తెరలును వస్త్రములును మోయు గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇయ్యబడెను. మెరారీయులకైతే నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇయ్యబడెను. అందరికి సమానముగా పంచుట న్యాయమని మనము తలంతుము. దేవుడు బరువు చూచి పంచెను.

ఇంకను కొన్ని సంగతులు గమనింపుడి. ముప్పది ఏండ్లకు తక్కువవానిని, ఏబది ఏండ్లు దాటినవానిని ఆ మోతకు పిలువలేదు. మెరారీయులు మోయవలసిన వస్తువులను పేరు పేరున లెక్కించి అప్పగింపుమని ఆజ్ఞ కలిగెను. బరువు ఎంతో తెలియక మోయువాడు ఒక్కడును ఉండరాదు. గెర్షోనీయులును మెరారీయులును ముందుగా నడచిరి. పరిశుద్ధ వస్తువులు వచ్చు వేళకు గుడారము నిలువబడి యుండెను. ముందు బయలుదేరినవారే కష్టపడినవారు.

ఈ ప్రజలే కొంతకాలము క్రిందట ఐగుప్తులో బరువులు మోసినవారు. అక్కడ లెక్కలేదు, వయస్సు చూడలేదు, బండి ఇయ్యలేదు, కొరడా మాత్రము ఇచ్చిరి. దేవుడు వారిని ఆ బరువుల క్రిందనుండి తప్పించెను గాని, మోతనే తీసివేయలేదు. ఆయన మార్చినది దాని విధము. దాసుని మోతకును సేవకుని మోతకును భేదము ఇదియే.

మన పల్లెలవారికి ఇది పుస్తకములోని సంగతి మాత్రము కాదు. మన తాతముత్తాతలలో అనేకులు వెట్టి మోతలు మోసినవారే. అధికారి క్యాంపుకు వచ్చినప్పుడు ఆయన సామాను మోయుటకు వారినే పిలిచెడివారు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ఇరువది మూడవ అధికరణములో వెట్టిని నిషేధించెను; 1976లో కట్టుబానిసత్వమును రద్దుచేయు చట్టము వచ్చెను. ఇట్లు విడిపింపబడిన ఇంటివారము, కూటముల దినమున మనకంటె బీదవానిని పిలిచి కూలి మాట ఎత్తకుండ మూట నెత్తిమీద పెట్టినయెడల, మన విడుదలకు అర్థమేమి? మోసేవానికి తెలుసు కావడి బరువని మనవారు అందురు. ఒకప్పుడు మోసినవారము మనమే గనుక మనము మరచుట మరింత తప్పు.

మదనపల్లెలో ఆర్కాటు మిషను పనిని 1863లో ప్రారంభించిన జేకబ్ చేంబర్లెన్ దొరగారు, అదే సంవత్సరము డేరాలు, మందులు, పుస్తకములు వెంటబెట్టుకొని తెలుగు దేశములో నెలల తరబడి సంచరించిరి. గోదావరి తీరపు అడవిలో పులుల భయముచేత, వరదలచేత కూలీలు పడిన శ్రమను ఆయనయే తరువాత వ్రాసిరి. దొరగారి పేరు మనకు తెలియును. ఆ డేరాలు మోసినవారి పేరులు మనలో ఎవరికి జ్ఞాపకమున్నవి?

అయితే కూలికి మనుష్యులను పెట్టుకొనుట తప్పా అని ఒకరు అడుగవచ్చును. తప్పు కాదు. మోసి బ్రదుకువానికి పని ఇచ్చుట మేలే. కాని కూలి ముందుగా చెప్పవలెను, సాయంకాలమునకే ఇయ్యవలెను, మోయగలిగినంతయే మోయింపవలెను. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించకుండ చూడవలెనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసెను. లోకము ఇంత చూచినయెడల సంఘము ఇంకెంత చూడవలెను! బరువులు కట్టి ఇతరుల భుజములమీద పెట్టి, తాము వ్రేలితోనైనను ముట్టని బోధకులను గూర్చి ప్రభువు మత్తయి సువార్త ఇరువది మూడవ అధ్యాయములో చెప్పినది మన పెద్దలమైన మేము మొదట చదువుకొనవలసిన మాట.

ఇంకొక సంగతి యున్నది. మోతలో ఉన్నవాడు పాటకు దూరమగునా? దావీదు దేవుని మందసమును మొదట క్రొత్త బండిమీద తెప్పించెను. వాద్యములకు కొదువలేదు, అయినను ఆ యాత్ర ఉజ్జా మరణముతో ముగిసెను. రెండవ మారు లేవీయులు దానిని భుజములమీద మోసిరి. హేమాను, ఆసాపు, ఏతాను తాళములు వాయించిరి. అప్పుడు కెనన్యా అనువాడు నియమింపబడిన పని యేదో చెప్పు హెబ్రీ మాటకు మోత అనియు, పాట అనియు తర్జుమా చేసినవారున్నారు. ఆ దినమున మోయువారును పాడువారును ఒకే ఊరేగింపులో నడచిరి.

దావీదే మరియొక మారు, అలసి బెసోరు వాగునొద్ద సామానుతో నిలిచిన రెండువందల మందికి యుద్ధమునకు పోయినవారితో సమానమైన పాలు ఇప్పించెను. దానిని ఇశ్రాయేలులో కట్టడగా నిలిపెను. కాబట్టి పొయ్యియొద్ద, మూటలయొద్ద కాపలా ఉన్నవారికి కూటముల దీవెనలో పూర్తి పాలు కలదు. అయితే మాటతో మాత్రమే పాలు ఇచ్చిన చాలదు. ఉదయము కాపలా ఉన్నవారిని సాయంకాలము పందిరిలో ముందు వరుసను కూర్చుండబెట్టి, సాయంకాలము మరియొకరు కాపలా ఉండవలెను.

ప్రియులారా, ఈసారి కూటములకు బయలుదేరకముందు మీ మూట విప్పి చూచుకొనుడి. ఇందులో అవసరమైనది ఎంత? దీనిని నేను మోయగలనా? మోయలేనియెడల ఎవరు మోయుదురు, వారికి నేను ఏమి ఇత్తును? అందరి గంగాళమునకు నా చెయ్యి ఒకటి కలదా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికినవాడు దారిలోనే ఆరాధన మొదలుపెట్టినవాడగును. దేవుడు మనకందరికిని ఇట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.