తుపాకీ ఇస్తే కుట్టుమిషన్

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక కుర్చీ ఉంది. కాళ్లు, చేతులు, వీపు ఆనే చోటు, అన్నీ కోసేసిన తుపాకుల ముక్కలే. వెనక నిలబెట్టిన తుపాకీ మడమ మీది రంధ్రాలు నవ్వే మొహంలా కనిపిస్తాయి. మొజాంబిక్ శిల్పి కెస్టర్ 2001లో చేశాడు దాన్ని.

ఆ దేశంలో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం. తూటాలకూ ఆకలికీ సుమారు 10 లక్షల మంది బలయ్యారని అంచనా. ప్రభుత్వాన్నీ తిరుగుబాటుదారులనూ ఎదురెదురుగా కూర్చోబెట్టింది రోమ్‌లోని సాంత్ ఎజీదియో అనే కాథలిక్ సమాజం. దానికి సైన్యం లేదు, ఉన్నదల్లా ఓపిక. రెండేళ్లకు పైగా మాటలు సాగి, 1992 అక్టోబరు 4న శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

మరి ఇళ్లలో దాచిన తుపాకుల మాటేమిటి? 1995లో బిషప్ దినిస్ సెంగులానె చొరవతో అక్కడి క్రైస్తవ మండలి ఊరూరా చెప్పింది: ఆయుధం తెచ్చివ్వండి, కుట్టుమిషనో సైకిలో పారో పట్టుకెళ్లండి. శాంతి అంటే చేతికి పని దొరకడమని ఆ మండలికి తెలుసు. కెస్టర్ కుర్చీ అలా వచ్చిన తుపాకులదే.

అదే దేశపు ఉత్తరాన, కాబో డెల్గాడోలో, 2017 నుంచి ఒక సాయుధ గుంపు మతం పేరుతోనే ఊళ్లు తగలబెడుతోంది. ఆ గుంపుతో ప్రమాదమని దాడులకు ముందే అధికారులను హెచ్చరించినవారిలో అక్కడి ముస్లిం పెద్దలున్నారు.