మెరయు కుండ, నీరు నిలుపు కుండ

ధ్యాన భాగము: యిర్మీయా 18:1–6

దేవుడు యిర్మీయాకు పాఠము నేర్పుటకు అతనిని కుమ్మరి యింటికి పంపెను. మనమును నేడు కుండలవద్దనే నేర్చుకొందము.

పాత కుండలను ఏరి దాచుకొనువారు అనేకులు కలరు. మన తెలుగు నాట రాక్షసగుళ్లని పిలువబడు పురాతన సమాధులలో నునుపుగా రుద్దిన నల్లని, ఎర్రని పాత్రలు దొరకినవి. భూగర్భ శాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దక్షిణదేశమంతట తిరిగి కూర్చిన పురాతన రాతి పనిముట్లను, కుండలను, పెంకులను మద్రాసు మ్యూజియము 1904లో కొన్నది.

మెక్సికో దేశమందలి సాన్ బార్తోలో కోయోతెపెక్ గ్రామపు నల్ల కుండలను నేడు అనేక దేశములవారు సేకరించుచున్నారు. పూర్వము అవి కాంతిలేని బూడిదవన్నె కుండలు. నీరు పోసినను నిలుచుచుండెను. 1950 తరువాతి సంవత్సరములలో డోన్యా రోసా అను కుమ్మరి స్త్రీ, ఆరీ ఆరని కుండను నున్నని రాతితో రుద్ది, తక్కువ వేడిలో కాల్చినయెడల అది నల్లగా నిగనిగలాడునని కనుగొనెను. వేడి మించినచో ఆ మెరుపు పోవును. అందుచేత దానిని తక్కువగానే కాల్చుదురు. కాని ఆ మెరయు కుండ నీరు నిలుపదు, అది అలంకారమునకే.

మన నందికొట్కూరు ప్రాంతపు తల్లులు కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూతురు. ఖంగున మ్రోగినదే బాగుగా కాలినది.

మన సంగతి యేమి? ఆదివారపు తెల్లబట్టలు, చక్కని పాట, ఊరిలో మంచి పేరు, ఇవి రాతితో రుద్దిన నునుపు. నునుపు పాపము కాదు. అయితే మెరుపు పోవునని మంటకు వెరచినయెడల మనలో ఏమి నిలుచును? వానలు తప్పి పైరు ఎండినప్పుడు, ఇంట రోగము ప్రవేశించినప్పుడు, త్వరగా బయటికి తీయుమని మనము మొరపెట్టుదుము. ఆ మొర తప్పు కాదు. శ్రమను మనము వెదకనక్కరలేదు. అది తానే వచ్చును. వచ్చినప్పుడు ఏ కుండకు ఎంత మంట కావలెనో కుమ్మరికి తెలియునని నమ్ముదము.

శ్రమలో కాలిన విధవరాలి మాట, దుఃఖములోనున్న పొరుగింటివానికి చల్లని నీరగును. ఆమెకు మెరుపు లేకపోవచ్చును, గాని ఆమెయొద్ద నీరున్నది.

వన్నె తగ్గినను సరే, దప్పిగొన్నవారికి నీరిచ్చు పాత్రలుగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.