పరుల కన్నీరు - మన వేసవి వినోదం



వేసవిలో ఒక రోజంతా పని మానుకొని, చెట్టునీడన కూర్చుని జానపద గీతాలు వింటే తప్పా? తప్పు కాదు. మనిషి నిత్యం కాడి మోయడానికి పుట్టిన ఎద్దు కాదు. అలసిన శరీరానికి నిద్ర ఎలాగో, అలసిన మనసుకు ఆటపాటలు అలాగని, మితం తెలిసిన వినోదం కూడా సద్గుణమేనని పునీత అక్వినాసు తోమాసు ఏనాడో బోధించారు. కనుక ఆ ప్రశ్నను అక్కడితో వదిలేద్దాం. దాని వెనుక ఇంకా బరువైన ప్రశ్న ఒకటుంది. ఒకరు కన్నీటితో కట్టుకున్న పాటను మరొకరు వినోదంగా విని ఆనందించవచ్చునా?

అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రాన న్యూపోర్టు అనే సముద్రతీర పట్టణం ఉంది. ఒకప్పుడు కోటీశ్వరులు వేసవి విడిది కోసం కట్టుకున్న మహాభవనాలకు అది ప్రసిద్ధి. ఆ ఊళ్లోనే 1959లో జానపద సంగీతోత్సవం మొదలైంది. నేటికీ జులై నెలాఖరులో అక్కడి పాత కోట ఫోర్ట్ ఆడమ్స్ ఆవరణలో అది జరుగుతూనే ఉంది. ఎదురుగా సముద్రం, తెరచాప పడవలు. గడ్డిమీద దుప్పట్లు పరచుకొని, ఇంటినుంచి తెచ్చుకున్నది తింటూ, పిల్లాపాపలతో వేలాదిమంది సాయంత్రందాకా పాటలు వింటారు. అయితే ఆ పాటల మూలాలు ఎక్కడివి? పత్తిచేలలో నడుము వంచిన కూలీలవి, బొగ్గుగనుల్లో ఊపిరి పోగొట్టుకున్న కార్మికులవి, బానిస సంకెళ్లు మోసిన నల్లజాతి ప్రజలవి. పాటలో ఆకలి ఉంది, వింటున్నవారి చేతిలో తినుబండారం ఉంది. ఇది న్యాయమేనా?

పునీత అగుస్తీనును ఈ ప్రశ్న బాధించింది. యౌవనంలో కార్తేజి నగరంలో ఆయనకు నాటకాలంటే వెర్రి. తాను ఎన్నడూ అనుభవించగోరని దుఃఖాన్ని మనిషి రంగస్థలం మీద చూసి ఎందుకు ఆనందిస్తాడని ఆయన తన ఆత్మకథ మూడవ భాగంలో ప్రశ్నించుకొన్నారు. ప్రేక్షకుణ్ణి ఎవరూ సాయానికి పిలవడం లేదు, ఊరికే ఏడవమంటున్నారు. ఏడుపు బాగా వస్తే మెచ్చుకుంటాడు, రాకపోతే విసుగుతో లేచిపోతాడు. చేయి కదలని జాలి ఇదేమి జాలి అన్నది ఆయన వేదన.

దీనికి కొందరు ఒక సమాధానం చెబుతారు. "పాడినవాడు కూడా ఊరట కోసమే పాడాడు గదా! మనం ఆనందిస్తే తప్పేమిటి?" అంటారు. ఇందులో కొంత నిజముంది. మన పల్లెల్లో నాట్లు వేసే తల్లులు పాడుకునేది నడుము నొప్పి మరచిపోవడానికే. కాని ఒక్క తేడా గమనించండి. పొలంలో శ్రోత అంటూ వేరే ఎవరూ ఉండరు, పాడే అందరి కాళ్లూ అదే బురదలో ఉంటాయి. ఉత్సవంలో మాత్రం పాట ఒకవైపు, బురద మరొకవైపు అయిపోతాయి. పాట మన దగ్గరికి వస్తుంది, బురద వారి దగ్గరే ఉండిపోతుంది.

అయితే అగుస్తీను గారి ప్రశ్నకు న్యూపోర్టు చరిత్రలోనే ఒక జవాబు దొరుకుతుంది. మిస్సిసిపి జాన్ హర్ట్ అనే నల్లజాతి గాయకుడి పాటలను 1928లో ఒక గ్రామఫోను కంపెనీ రికార్డు చేసింది. అవి అంతగా అమ్ముడుపోలేదు. ఆయన అవలాన్ అనే తన పల్లెకు తిరిగి వెళ్లి పొలం పనుల్లో పడిపోయాడు. 35 ఏళ్లు లోకం ఆయన్ను మరచిపోయింది. 1963లో ఒక యువ అభిమాని, ఆ రికార్డుల్లోని ఒక పాటలో వినబడిన ఊరి పేరును ఆనవాలుగా పట్టుకొని వెదుక్కుంటూ వెళ్లి, డెబ్బై ఏళ్ల ఆ వృద్ధుణ్ణి కలుసుకున్నాడు. ఆ వేసవిలోనే ఆయన న్యూపోర్టు వేదికమీద పాడాడు. వేలమంది విని ఊరుకున్న చోట, ఒకడు పాట వెనుక మనిషి ఉన్నాడని గుర్తించి, లేచి నడిచాడు.

ఆ 1963 ఉత్సవం గురించి మరి రెండు సంగతులు చెప్పాలి. పేరుమోసిన గాయకుడికీ, ఎవరూ ఎరుగని పల్లెటూరి గాయకుడికీ ఇచ్చిన పారితోషికం ఒక్కటే: 50 డాలర్లు, ప్రయాణ ఖర్చులు, బస. ఇక రెండవది. నల్లజాతివారి పౌరహక్కుల పోరాటానికి ఊరూరా పాడుతూ విరాళాలు పోగుచేస్తున్న 'ఫ్రీడమ్ సింగర్స్' అనే నలుగురు యువజనులతో కలిసి పీట్ సీగర్, జోన్ బేజ్, బాబ్ డిలన్ మొదలైనవారు వేదికమీద 'వుయ్ షల్ ఓవర్‌కమ్' పాడారు. మన బడిపిల్లలు హిందీలో 'హమ్ హోంగే కామ్యాబ్' అని పాడేది ఆ పాటనే. నెల తిరిగేసరికి, ఆగస్టు 28న, ఆ గాయకుల్లో పలువురు వాషింగ్టన్ మహాప్రదర్శనలో లక్షలాది జనం మధ్య పాడుతూ కనిపించారు. గడ్డిమీద వినబడిన పాట వీధిలోకి నడిచింది.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది. పరుల దుఃఖగీతం విని ఆనందించడం పాపం కాదు, అక్కడే ఆగిపోవడం లోపం. పాట ఒక చిరునామా వంటిది. చిరునామా చేతివ్రాత ఎంత అందంగా ఉందోనని మెచ్చుకొని జేబులో పెట్టుకుంటే సరిపోదు, ఆ ఇంటికి వెళ్లాలి.

ఇది అమెరికావారికి మాత్రమే చెందిన మాట కాదు సుమా! మన పండుగల్లో, పెళ్లిళ్లలో డప్పు మ్రోగితే అందరం ఉత్సాహపడతాం. డప్పు వాయించిన మనిషి ఏ పంక్తిలో కూర్చుని భోంచేశాడో ఎందరం చూశాం? బేరమాడకుండా ఎందరం అతని కూలి ఇచ్చాం? పల్లెపాటను ఫోనులో వేసుకొని మురిసిపోతాం. ఆ పాట పుట్టిన వాడలో మంచినీళ్లు వస్తున్నాయా, ఆ తల్లి బిడ్డలు బడికి పోతున్నారా అని అడిగామా?

ఈ వేసవిలో మీ పిల్లలకు తప్పక పాటలు వినిపించండి. విన్న తరువాత, "ఇది ఎవరు కట్టిన పాట? వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు?" అని వారిచేత అడిగించండి. జవాబు మీకు తెలియకపోతే, పిల్లల చేయి పట్టుకొని ఆ పాటలు పాడే పెద్దవారి గుమ్మందాకా వెళ్లి రండి.