మనసుకి మీటలున్నాయా?

ఈమధ్య మా రాజమండ్రిలో సినిమా పోస్టర్లతో పోటీపడుతూ కొత్తరకం ప్రకటనలు కనిపిస్తున్నాయి. (కాగితాల మీద 2015 నుంచి రాజమహేంద్రవరం అయింది గాని, నోటికి ఇంకా రాజమండ్రే వస్తుంది!) రెండంటే రెండే రోజుల్లో భయం పోగొడతారట. పిల్లలకు ఏకాగ్రత తెప్పిస్తారట. ఆలుమగల మధ్య సఖ్యత కుదురుస్తారట. వ్యాపారం కూడా పెంచుతారట. ఒకే మందుతో ఇన్ని జబ్బులు కుదిర్చే మనిషిని మనం చిన్నప్పుడు తీర్థాల్లో చూసేవాళ్ళం. తీర్థంలో ఆయనకి తలపాగా ఉండేది, ఈయనకి టై ఉంది. అంతే తేడా.

ఆ విద్య పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. నోరు తిరగదని ఎన్.ఎల్.పి. అని ముద్దుగా పిలుచుకుంటున్నారు. నరాలూ, భాషా, కంప్యూటరుకి చెప్పినట్టు చెప్పి పని చేయించుకోవడం, ఈ మూడూ కలిపితే వచ్చిన పేరు. అంటే మన మనసుకి ఎక్కడో మీటలున్నాయనీ, సరైన మాటతో సరైన మీట నొక్కితే మనిషి మారిపోతాడనీ అర్థం.

ఇది పుట్టింది 1970లలో, అమెరికాలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటాక్రజ్ శాఖలో రిచర్డ్ బాండ్లర్ అనే విద్యార్థికీ, జాన్ గ్రిండర్ అనే భాషాశాస్త్రం అధ్యాపకుడికీ ఒక ఆలోచన వచ్చింది. ఆ రోజుల్లో మనోవైద్యంలో ముగ్గురు మహా హస్తవాసి గలవాళ్ళుండేవారు. ఫ్రిట్జ్ పెర్ల్స్, వర్జీనియా సటీర్ అనే ఆవిడ, హిప్నాటిజంతో వైద్యం చేసే మిల్టన్ ఎరిక్సన్. వీళ్ళు ఎలా మాట్లాడుతున్నారో, ఏ మాట తరవాత ఏ మాట అంటున్నారో గమనించి సూత్రాలుగా రాసేస్తే ఎవరైనా నేర్చుకోవచ్చు గదా అనుకున్నారు. 1975లో మొదటి పుస్తకం వచ్చింది. దాని పేరులోనే ఇంద్రజాలం ఉంది: ‘ది స్ట్రక్చర్ ఆఫ్ మ్యాజిక్’.

ఆలోచన చెడ్డదేం కాదు. కాని వంట చేసే ఆడవాళ్ళకి ఇక్కడే ఒక అనుమానం రావాలి. చెయ్యి తిరిగిన పెద్దావిడ పక్కన నిలబడి పులిహోరకి చింతపండెంతో, ఇంగువెంతో తూకం వేసి రాసుకున్నామనుకోండి. కాగితం మన దగ్గరుంటుంది. పులిహోర ఆవిడ దగ్గరే ఉంటుంది.

సరే, ఏం రాసుకున్నారో చూద్దాం. మనుషుల్లో కొందరు కంటితో ఆలోచిస్తారట, కొందరు చెవితో, కొందరు స్పర్శతో. వాళ్ళు వాడే మాటల్నిబట్టి ఏ తరహావారో కనిపెట్టి అదే తరహాలో మాట్లాడితే ఇట్టే మన దారికి వస్తారట. ఇది చదివి నాకు నవ్వాగలేదు. మన తెలుగువాళ్ళం వాసన కూడా ‘చూస్తాం’. రుచి ‘చూస్తాం’. అడిగి చూస్తాం, విని చూస్తాం, పట్టుకుని చూస్తాం, తిట్టి కూడా చూస్తాం! ఈ లెక్కన ఇచ్ఛాపురం నుంచి తడదాకా అందరం కంటితో ఆలోచించేవాళ్ళమే కావాలి.

ఇంకోటి కళ్ళ సంగతి. కుడిచేతివాటం మనిషి తన కుడివైపు పైకి చూస్తే కల్పిస్తున్నట్టూ, ఎడమవైపు పైకి చూస్తే జ్ఞాపకం చేసుకుంటున్నట్టూ అని ఈ విద్యలో చెబుతారు. మొగుడు ఆలస్యంగా ఇంటికొచ్చినప్పుడు పరీక్షించడానికి ఎంత బాగుంటుందో! కాని 2012లో రిచర్డ్ వైజ్‌మన్, కారొలిన్ వాట్ మొదలైన పరిశోధకులు దీన్ని పట్టుకుని నిజంగానే పరీక్షించారు. నిజం చెప్పేవాళ్ళ కళ్ళనీ, అబద్ధమాడేవాళ్ళ కళ్ళనీ వీడియోలో పట్టి లెక్కవేశారు. తేడా లేదు. ఈ సూత్రం ముందే నేర్పించిన వాళ్ళు అబద్ధాన్ని మిగతావాళ్ళకంటే బాగా పట్టుకోగలిగారా అంటే, అదీ లేదు. ఆఖరికి, తప్పిపోయిన మా వాళ్ళని వెతికిపెట్టండంటూ పత్రికలవాళ్ళ ముందు మొరపెట్టుకున్నవాళ్ళ వీడియోలు చూశారు. వాళ్ళలో అబద్ధమాడినట్టు తరవాత బయటపడినవాళ్ళూ ఉన్నారు, నిజం చెప్పినవాళ్ళూ ఉన్నారు. అక్కడా కళ్ళు ఏమీ చెప్పలేదు.

అంతకుముందే అమెరికా సైన్యం, మనిషి సామర్థ్యం పెంచుతామనే పద్ధతుల్లో ఏది నిజమో తేల్చమని అక్కడి నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌ని అడిగింది. 1988లో వచ్చిన ఆ నివేదిక ఎన్.ఎల్.పి. చెప్పుకునే ప్రభావానికి ఆధారాలు దొరకలేదంది. 2012లో బ్రిటన్ వైద్యపత్రిక ఒకటి, ఆరోగ్య విషయాల్లో దీనిమీద జరిగిన అధ్యయనాల్లో నిలిచేవాటిని ఏరితే పదే మిగిలాయి. వాటిని చూసి, మేలు జరుగుతుందనడానికి ఆధారం బహు స్వల్పం అని తేల్చింది.

మరయితే వెళ్ళినవాళ్ళలో కొందరు బాగుందనే అంటున్నారే? ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఎదుటి మనిషి మన ధోరణిలో మాట్లాడితే, మనం ముందుకి వంగినప్పుడు తానూ వంగితే, మనకి ఇష్టం కలగడం నిజం. 1999లో చార్‌ట్రాండ్, బార్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి మరీ చూపించారు. కాని దానికోసం అమెరికా వెళ్ళాలా? మా గోదావరివాళ్ళ ‘ఆయ్’ ఏమనుకుంటున్నారు! మీరు సగం చెప్పేసరికి ‘ఆయ్’, పూర్తిచేసేసరికి ‘ఆయ్, అలాగేనండి’. మీరు చెప్పేది అవతలివాడి చెవిలో పడుతోందని మాటమాటకీ రసీదు ఇస్తున్నట్టన్నమాట. తాడితోట బట్టల మార్కెట్లో పరుపు మీద కూర్చోబెట్టి చీరలు పరిచే కుర్రాడు మీరు ఏ చీర మీద రెండు క్షణాలు ఎక్కువ చూశారో కనిపెడతాడు, మీ గొంతు తగ్గితే తన గొంతూ తగ్గిస్తాడు. వాడికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

పైగా మన నేల ఇలాటి విద్యలకి మెత్తగానే ఉంటుంది. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ కోసం ఆంధ్రభూమి వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులున్నాయి. ఆయనే తరవాత ‘విజయానికి ఐదు మెట్లు’ రాస్తే అదీ ఇంటింటికీ చేరింది. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్‌గారు హిప్నాటిజం మంత్రం కాదు, మనస్తత్వ శాస్త్రమని వేదికలెక్కి చెబుతూ వచ్చారు. మనసుని కూడా దిద్దుకోవచ్చనే ఆశ మనకి వీళ్ళ పుణ్యమా అని అలవాటైంది. ఆశలో తప్పులేదు. ఆశని ఎవరు ఎలా వాడుకుంటారన్నదే నన్ను పీకుతున్న ప్రశ్న.

నా స్నేహితురాలి భర్తని ఆఫీసువాళ్ళు ఇలాటి తరగతికి పంపించారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఈవిడ తల ఊపితే తల ఊపడం, చెంప మీద చెయ్యి పెట్టుకుంటే తానూ పెట్టుకోవడం. “ఏమే, ఈయన నా మాట వింటున్నారా, నా మీద పాఠం అప్పజెప్పుకుంటున్నారా?” అని ఒకటే గోల. కాసేపాగి, “కాని ఇరవయ్యేళ్ళలో నా మాట ఆఖరిదాకా విన్నది ఈ వారమే సుమా!” అంది.

నవ్వుకున్నాం గాని ఇందులో చిక్కు ఉంది. నేర్చుకున్న మర్యాద అబద్ధమంటే, పిల్లలకి నమస్కారం పెట్టడం నేర్పేది కూడా అబద్ధమే కావాలి. ముందు చెయ్యి జోడించడం వస్తుంది, గౌరవం తరవాత నెమ్మదిగా వస్తుంది. కాబట్టి నేర్చుకుని చేస్తున్నాడని ఎవర్నీ ఆక్షేపించలేం. నేను ఆలోచించి ఆలోచించి ఒక గీటురాయి పెట్టుకున్నాను. చేస్తున్న పని ఎదుటివాళ్ళకి చెప్పి చెయ్యగలమా? “నీ మాట శ్రద్ధగా వినడం అలవాటు చేసుకుంటున్నాను” అని భార్యకి చెప్పొచ్చు. చెప్పినా ఆ పని చెడదు. “నువ్వు ఒప్పుకోవాలని నీలాగే కూర్చుంటున్నాను” అని చెప్పి చూడండి, ఆ క్షణంలో పేకమేడలా కూలిపోతుంది. చీరల కుర్రాడి సంగతి వేరు. వాడు అమ్మడానికే కూర్చున్నాడని మనకి తెలుసు, మనం బేరమాడతామని వాడికీ తెలుసు.

ఈ ఊళ్ళోనే మనుషుల మనసు మార్చిన మనిషి ఒకాయన ఉన్నారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న ఇక్కడే తొలి వితంతు వివాహం జరిపించారు. అంతకు ఏడేళ్ళ ముందే, 1874లో, ‘వివేకవర్ధని’ పెట్టి వాదన మొదలుపెట్టారు. అచ్చులో వాదించారు, సభల్లో వాదించారు, కోర్టుదాకా వెళ్ళారు. కిట్టనివాళ్ళు అంత గట్టిగానూ జవాబిచ్చారు. తనని ఎటు లాగుతున్నారో, ఎందుకు లాగుతున్నారో ప్రతివాడికీ తెలుసు. అందుకే మారినవాడు తానే మారాడు. వెనకనుంచి మీట నొక్కడం కాదది.

నమ్మకంతో నయమవుతుంటే నిజమెందుకూ, అని కొందరంటారు. దానికీ ఒక జవాబుంది. 2010లో అమెరికాలో టెడ్ కాప్చుక్ బృందం కడుపు జబ్బుతో బాధపడే 80 మందిలో కొందరికి “ఇందులో మందు లేదు, ఉత్త బిళ్ళే” అని చెప్పే ఇచ్చారు. ఏమీ ఇవ్వనివాళ్ళకంటే వీళ్ళకి ఎక్కువ ఊరట కలిగింది. రెండువైపులా ఆదరణ ఒక్కలాగే చూపించారు సుమండీ. అంటే ఊరట ఇవ్వడానికి కూడా అబద్ధం అక్కర్లేదన్నమాట.

నా అసలు కోపం ఇంకోచోట ఉంది. కోనసీమలో మా దూరపు చుట్టాలమ్మాయి పురిటికి పుట్టింటికి వచ్చింది. పురుడు సుఖంగానే అయింది. మూడోవారానికి నిద్ర పోయింది, పిల్లని ఎత్తుకోమంటే గోడవైపు తిరిగి ఏడుపు. బాలింతకి మామూలేనన్నారు. ఎవరో చెబితే పక్క ఊళ్ళో ఒక శిక్షకుడి దగ్గరికి తీసికెళ్ళారు. కళ్ళు మూసుకుని నీ భయాన్ని బొమ్మలా ఊహించుకో, రంగు తీసెయ్యి, చిన్నది చెయ్యి, దూరంగా నెట్టెయ్యి, అన్నాడట. మొదటిరోజు తేలిగ్గా ఉందంది. మూడోసారికి ఏమీ లేదు. అప్పుడన్నాడట, “నీకు బాగుపడాలన్న సంకల్పం లేదమ్మా. నీ మనసు నువ్వే అడ్డంపెడుతున్నావు” అని. ఫీజు తీసుకున్నందుకు కాదు, ఆ మాటకి ఒళ్ళుమండింది నాకు. మందు పనిచెయ్యకపోతే తప్పు రోగిదే అయ్యే వైద్యం ఎక్కడైనా ఉందా? ఇంటికొచ్చి ఆ పిల్ల తల్లితో, “నేనే చెడ్డదాన్నమ్మా” అందట.

అది చెడ్డతనం కాదు, జబ్బు. ప్రసవం తరవాత వచ్చే కుంగుబాటు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కూడి చూసి, నూటికి సుమారు 22 మంది తల్లుల్లో దీని లక్షణాలు కనిపిస్తున్నాయని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో రాశారు. అయిదుగురిలో ఒకరికి పైమాట! వైద్యముంది, తగ్గుతుంది. 2022లో ప్రభుత్వం 14416 అనే ఫోను నెంబరు కూడా పెట్టింది. మానసిక ఇబ్బంది ఎవరికున్నా డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు.

మా ఇళ్ళల్లో ముసలమ్మలు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి దిష్టి తీస్తారు. దానికీ రుజువులు లేవు, నేను వెనకేసుకు రావటంలేదు. కాని అందులో ఒక దయ ఉంది. “ఏ పాపిష్టి కళ్ళు పడ్డాయో నా తల్లికి” అంటారే గాని, “తప్పు నీదే” అనరు. (పాపం, ఆ నింద ఒక్కోసారి ఎదురింటావిడ మీద పడుతుంది. అదో అన్యాయం!)

ఈ అమ్మాయికీ వాళ్ళ నాయనమ్మ దిష్టి తీసిందట. ఉప్పు పొయ్యిలో వేసి, చేతులు కడుక్కొచ్చి, పిల్లని ఒళ్ళో వేసుకుని, కొడుకుతో అందట: “నా పని అయిందిరా. రేపు మొదటి బస్సుకి దీన్ని కాకినాడ పెద్ద డాక్టరుకి చూపించుకు రండి. చంటిదాన్ని నేను చూస్తాను.”