చూచిన కన్ను, కప్పిన వస్త్రము

వాక్యభాగము: ఆదికాండము 9:20–23



జలప్రళయము తీరిన పిమ్మట నోవహు నేల దున్ని ద్రాక్షతోట వేసెను. ఆ తోట ఫలమే అతనికి ఉరియాయెను. అతడు త్రాగి మత్తుడై తన గుడారములో దిగంబరుడై పడియుండెను. అప్పుడు హాము రెండు పనులు చేసెను: చూచెను, బయటికి వచ్చి చెప్పెను. షేము, యాపెతు అనువారును రెండు పనులే చేసిరి: బట్ట తీసికొని వెనుకకు నడిచిరి, తండ్రిని కప్పిరి. తండ్రి పడిపోయిన సంగతి ముగ్గురికిని తెలిసెను. తెలిసిన పిమ్మట ఏమి చేసిరను దానిలోనే వారికి భేదమున్నది.

ఈ వాక్యమును నేడు మనము మన ఇండ్లలోని టెలివిజను ఎదుట కూర్చుండి ధ్యానింపవలసియున్నది.

1. తెరచిన గుడారము

1999లో నెదర్లాండ్సు దేశములో 'బిగ్ బ్రదర్' అను కార్యక్రమము పుట్టెను. అదియే 'బిగ్ బాస్' అను పేరుతో 2006లో హిందీలోనికిని, 2017లో తెలుగులోనికిని వచ్చెను. దాని పద్ధతి మన పల్లెలలో పిల్లలకు సహితము తెలిసినదే. కొందరిని ఒక ఇంట నుంచి, బయటి ప్రపంచముతో సంబంధము లేకుండ చేసి, ఎటు చూచినను కెమేరాలు పెట్టి, వారముల తరబడి వారి బ్రదుకును లోకమునకు చూపుదురు. వారము వారము ఆ ఇంటివారే ఒకరి తప్పులొకరు ఎంచి 'నామినేషను' చేయుదురు. చూచువారు ఫోనులో ఓటు వేయుదురు. తక్కువ ఓట్లు వచ్చినవారు ఇల్లు విడిచి పోవుదురు.

ఇందులో ఒక సంగతి గమనింపుడి. ఆ ఇంటిలో దినమునకు 24 గంటలు గడచును. మనకు చూపునది ఇంచుమించు ఒక గంట. నెమ్మదిగా వంట చేసికొన్న పూటను చూచుటకు ఎవరు కూర్చుందురు? తగవు జరిగిన పూటనైతే కదలక చూతురు. కావున ఏర్చి కూర్చువారు తగవునే ముందుకు తెత్తురు. మనము కళ్లములో తూర్పారబట్టునప్పుడు పొట్టును గాలికి విడిచి గింజను దాచుకొందుము. ఇక్కడ గింజ గాలికి పోవుచున్నది, పొట్టు మన ఇంటికి చేరుచున్నది.

2. చూచినది మనలో మొలచును

"వినోదమే గదా, పగలంతయు పొలములో కష్టపడినవారికి కొంతసేపు నవ్వు వద్దా?" అని అడుగువారున్నారు. నవ్వు పాపము కాదు. ఆ ఇంటిలోనున్నవారును దేవుడు చేసిన మనుష్యులే. వారిని నిందించుటకు ఈ మాటలు వ్రాయుట లేదు. అట్లు నిందించినయెడల మనమును గుడారము బయట నిలిచి చెప్పుకొనువారమే యగుదుము. మన ఇంటిని గూర్చియే మన చింత.

విత్తినదే మొలచును. తమ్ముడు పలక పగులగొట్టినప్పుడు అక్క వానిని "నామినేటు చేయుచున్నాను" అనును, మనము నవ్వుదుము. కోడలు కూరలో ఉప్పు మరచినప్పుడు అత్తగారు ఆమెతో చెప్పక పొరుగింటి అరుగుమీద చెప్పును; అప్పుడు ఎవరును నవ్వరు. ఆ కార్యక్రమములో 'కన్ఫెషను రూము' అను గది యొకటి కలదు. ఒప్పుకోలు గది అని దాని భావము. అయితే అందులో కూర్చుండి తరచుగా ఇతరుల తప్పులను చెప్పుదురు. మన తప్పులను మనమే ఒప్పుకొని, ఒకరికొరకు ఒకరము ప్రార్థింపవలెనని యాకోబు 5:16 బోధించుచున్నది.

2023 డిసెంబరులో ఏడవ సీజను ముగిసిన రాత్రి హైదరాబాదులో స్టూడియో వెలుపల అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దములు పగులగొట్టిరి. ఆ బస్సులెక్కువారు మనవంటివారే. తనకు సంబంధములేని జగడములో దూరువానిని సామెతలు 26:17 కుక్క చెవులు పట్టుకొన్నవానితో పోల్చుచున్నది. పట్టుకొనుట సులభము, విడుచుటయే కష్టము.

టెలివిజనులో పోటీలన్నియు ఇట్టివే యని మనము చెప్పము. 1996లో ఈటీవీలో ప్రారంభమైన 'పాడుతా తీయగా'లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గారు స్వరము తప్పిన పిల్లలకు తప్పు చూపుచునే ధైర్యము చెప్పెడివారు. అందరి ఎదుట దిద్దినను పిల్లవాడు సిగ్గుపడి కుంగిపోకుండ దిద్దవచ్చునని దానివలన తెలిసికొనవచ్చును.

3. వెలివేయుటా, వెదకుటా?

నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయినప్పుడు కాపరి మిగిలినవాటిని ఓటు అడుగలేదు. వెదకుచు పోయెను (లూకా 15). సహోదరుడు తప్పు చేసినయెడల మొదట ఒంటరిగా వానియొద్దకు పొమ్మని ప్రభువు సెలవిచ్చెను (మత్తయి 18:15). అక్కడ కెమేరా లేదు, మూడవ మనిషియు లేడు.

మన సంఘములో ఒక యౌవనుడు త్రాగి వచ్చెననుకొందము. అతని పడిపోయిన స్థితిని ఫోనులో తీసి పదిమందికి పంపువాడు హాము. చీకటి పడిన తరువాత మెల్లగా పోయి, అతనిని లేవనెత్తి, ఇల్లు చేర్చి, మరునాడు ఒంటరిగా మాటలాడువాడు షేము. అయితే కప్పుట యనగా అన్యాయమును దాచుట కాదు. భార్యను కొట్టువానిని, బిడ్డను బాధించువానిని కప్పినయెడల బాధపడువారినే మనము బట్టలేనివారినిగా విడిచినట్లగును. వారికి మొదట ఆశ్రయమియ్యవలెను.

కావున ఈ మాసము మన ఇండ్లలో మూడు పనులు చేయుదము. టెలివిజను పెట్టకముందే కుటుంబ ప్రార్థన ముగించుకొందము. తరువాతనన్న ప్రార్థన నిద్రలో కలిసిపోవుచున్నది. పిల్లలతో కలిసి ఏదైన చూచినప్పుడు, "అక్కడ నీవుండినయెడల ఏమి చేసియుందువు?" అని అడుగుదము. మన ఇంటివారి తప్పు తెలిసినప్పుడు అరుగుమీదికి పోకమునుపు వారియొద్దకే పోవుదము.

ప్రియులారా, మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచుండగా సైనికులు ఆయన వస్త్రములకు చీట్లు వేసిరి, ప్రజలు నిలిచి చూచుచుండిరి (లూకా 23:34, 35). ఆ చూచువారిలో మనమును ఉన్నాము. అయినను ఆయన మన సిగ్గును బయట చాటింపలేదు. తన నీతితో మనలను కప్పెను. కప్పబడిన మనము ఇతరులను కప్పకుండుట ఎట్లు?

ప్రార్థన: ప్రభువా, మా కన్నులను కాపాడుము. ఇతరుల పతనము చూచినప్పుడు మా నోటికి కావలియుండుము, మా చేతికి వస్త్రమిమ్ము. మా ఇండ్లలో మరల ప్రార్థనా స్వరము వినబడనిమ్ము. ఆమేన్.